ట్రే మీద రాయని టైము

నేను రిటైరై వచ్చేసిన ల్యాబులో ఇప్పటికీ ఒక మాట నడుస్తోందట. ఆపరేషన్ థియేటర్ నుంచి సీసా రాగానే, అందుకున్న పిల్ల "రొయ్యల టైము రాశారా?" అని అడుగుతుంది. తెచ్చినవాళ్ళు లేబుల్ చూపిస్తారు. ముక్క ఒంట్లోంచి బయటికొచ్చిన టైము ఒకటి, అది చెడకుండా ఆపే ఫార్మలిన్ మందులో పడిన టైము ఒకటి, రెండూ రాసి ఉంటాయి. మొన్న అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి నాకు ఫోన్ చేసి, "మేడమ్, రొయ్యలకీ మనకీ ఏమిటి సంబంధం? ఎవర్నడిగినా తెలీదంటున్నారు" అంది. ఫోన్లో చెప్పేసే సంగతి కాదు. పైగా అందులో నా తప్పు ఉంది. తప్పు చెప్పుకోవాలంటే తీరిగ్గా కూర్చుని రాయడమే మేలనిపించింది.

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో పాథాలజీ టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్ళకి పైగా చేశాను. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులద్ది డాక్టరుగారి ముందు పెట్టడం నా పని. రోగమేదో తేల్చడం ఆవిడ పని. రోగుల ముఖాలు మాకు కనపడవు. ఆదివారం చర్చిలో మా అమ్మ "మా అమ్మాయికి ఆస్పత్రిలో ఉద్యోగం" అని పదిమందికీ చెప్పుకునేది. ఏం చేస్తానో నేను చెప్పబోతే మాత్రం, అన్నం దగ్గర ఆ మాటలొద్దు తల్లీ అనేది.

మా డాక్టరుగారిది కృష్ణాజిల్లా. భర్తకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొస్తే ఈ ఊరొచ్చి స్థిరపడ్డారు. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. మాట కరుకు, చెయ్యి మెత్తన. నా పెళ్ళికి ఆవిడ పెట్టిన చీర ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ చీర కన్నా విలువైనది ఇంకోటి ఇచ్చారు. టెక్నీషియన్‌కి ఇవన్నీ ఎందుకు అనుకోకుండా, ప్రతి రంగూ ఎందుకు అద్దుతున్నామో నాకు చెప్పేవారు.

తొంభైల చివర్లో మా ల్యాబుకి ఒక కొత్త పరీక్ష తెచ్చుకున్నాం. రొమ్ము కేన్సర్ గడ్డలో ఈస్ట్రోజన్‌ని అందుకునే రిసెప్టర్లు ఉన్నాయా లేవా అని చూసే పరీక్ష. అంతకుముందు ముక్కల్ని వేరే ఊరు పంపి వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళం. నేను వెంటపడి, మేడమ్ చేత ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి, ఆఫీసువాళ్ళ చేత ఊఁ అనిపించాను. రిసెప్టర్ అంటే ఏమిటని నేనడిగితే మేడమ్ చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"అండాశయం నెలనెలా ఒంటికి కబుర్లు పంపుతుందమ్మా. ఆ కబురు అందుకోడానికి కణానికి ఫోనుండాలి. ఆ ఫోనే రిసెప్టరు. రొమ్ములోని పాలనాళాల్లో కొన్ని కణాలకి ఫోనుంటుంది, కొన్నింటికి ఉండదు. కేన్సర్ కణాలకి ఫోనుంటే మంచిదే. దాని మీద కూర్చుని లైను అందనివ్వని మాత్ర ఉంది. అయిదేళ్ళు వేసుకోవాలి. ఫోను లేకపోతే ఆ మాత్ర దండగ."

ఫోనున్న కణం మా పరీక్షలో గోధుమరంగు తేలుతుంది, లేనిది నీలంగా ఉండిపోతుంది. పరీక్షకి ముందు స్లయిడ్లని ఉడికించాలి. మా దగ్గర అందుకు ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరే ఉండేది. అది కూత పెట్టినప్పుడల్లా థియేటర్ అటెండరు తలుపులోంచి తొంగిచూసి, "పప్పుడికిందా సెల్లెమ్మా?" అనేవాడు.

ఈ అటెండరుది తగరపువలస. నాకన్నా పదేళ్ళు పెద్ద. థియేటర్లో ఆయనకి ఒక ముఖ్యమైన బాధ్యత ఉండేది. ఆపరేషన్ అయ్యాక, తీసిన భాగాన్ని బయట కాచుకున్న బంధువులకి చూపించడం మన వైపు ఆనవాయితీ. చూపించకపోతే అసలు తీశారో లేదో అంటారు. ఒకసారి ఎవరో మా సర్జన్ గారి చొక్కా పట్టుకున్నంత పని చేశారు. అప్పట్నుంచి ఆయన, ఇంటి పెద్దకి చూపించిగానీ ముక్కని ల్యాబుకి పంపొద్దని పట్టుబట్టారు. ఫార్మలిన్‌లో వేసి చూపిస్తే కళ్ళు మండుతున్నాయని బంధువుల గొడవ. అందుకని ఉత్త ట్రేలో పెట్టి, తడిగుడ్డ కప్పి, అటెండరు పట్టుకెళ్ళి చూపించేవాడు. గుడిలో హారతి పళ్ళెం తిప్పినంత శ్రద్ధగా తిప్పేవాడు. మా ల్యాబు కింద అంతస్తులో. ఆ ట్రే ఎంతసేపు తిరిగేదో మాలో ఎవరికీ తెలీదు, మేం అడగనూ లేదు.

రెండువేలు దాటిన కొత్తలో, ఒక మే నెలలో, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి రొమ్ము మా ల్యాబుకి వచ్చింది. దాంతోపాటు సంకలోంచి తీసిన లింఫు గ్రంథులు విడిగా చిన్న సీసాలో వచ్చాయి. గ్రంథుల్లోకి కూడా కేన్సర్ పాకింది. గడ్డ ముక్కకి రిసెప్టర్ పరీక్ష పెట్టాను. గోధుమరంగు చుక్కయినా తేలలేదు.

ఇక్కడే నా తప్పు. మేడమ్‌కి పని సులువవ్వాలని, స్లయిడ్ వెనక స్కెచ్ పెన్నుతో గడ్డ చుట్టూ చుక్కలు పెట్టడం నాకలవాటు. ఆవిడ మైక్రోస్కోపు కింద నేరుగా ఆ చుక్కల మధ్యకి వెళ్ళేవారు. ఆ రోజు చుక్కలు పెడుతుంటే, గడ్డకి ఒక మూలన రోగం అంటని మామూలు పాలనాళాలు నాలుగైదు కనపడ్డాయి. మామూలు నాళాల్లో అక్కడొకటి ఇక్కడొకటి గోధుమరంగు కణం ఎప్పుడూ ఉంటుంది. వీటిలో ఒక్కటీ లేదు. వీధిలో ఒక ఇంటికి ఫోను పలక్కపోతే ఆ ఇంట్లో ఫోను లేదనుకోవచ్చు. వీధంతా పలక్కపోతే లైనే పోయినట్టు. అంటే గడ్డలో రిసెప్టర్ లేదని కాదు, మా పరీక్షే ఆ ముక్క మీద పనిచెయ్యలేదని.

అది నాకు తెలుసు. మేడమే నేర్పారు. కానీ పక్కన పోలికకి పెట్టుకున్న పాత పాజిటివ్ స్లయిడు చక్కగా గోధుమరంగు తేలింది కదా, రసాయనం మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం వేరు. పరీక్ష ఫెయిలైందంటే ఆఫీసులో "మేం ముందే చెప్పాం" అని ఆపేస్తారు. అంత వెంటపడి తెచ్చుకున్న పరీక్ష నా కళ్ళముందే ఆగిపోతుంది. గడ్డ చుట్టూ మాత్రం చుక్కలు పెట్టి, ఆ మూలని వదిలేశాను. మేడమ్ ముందు ఆ రోజు స్లయిడ్ల గుట్ట ఉంది. చుక్కల మధ్య చూశారు, "లేవు" అని రాసి సంతకం పెట్టారు. నేను రిపోర్టు కవర్లో పెట్టి పంపేసి, ఇంటికెళ్ళి చేపల పులుసు వండుకుని తిన్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది. అందుకే ఇంకా సిగ్గేస్తుంది.

జూలైలో ఒకావిడ మా కిటికీ దగ్గరికొచ్చింది. తలకి గుడ్డ కట్టుకుంది, కనుబొమ్మలు రాలిపోయాయి. కీమో సగంలో ఉందని చూడగానే తెలుస్తోంది. తన స్లయిడ్లు కావాలంది, వేరే ఊళ్ళో చూపించుకుంటుందట.

"మా పక్క మంచమామెకి ఈ మందయ్యాక అయిదేళ్ళు మాత్రలన్నారు మేడమ్. నాకు లేవన్నారు. ఒకే రోగం కదండి, నాకెందుకు లేవు?"

"మీ గడ్డ ఆ రకం కాదమ్మా. పరీక్షలో రాలేదు" అన్నాను. నెంబరు చూసి స్లయిడ్లు తీస్తుంటే గుర్తొచ్చింది, ఆ మూల.

"ఒక మాట అడుగుతాను, ఏటనుకోకండి. ఆ ముక్క మీ సేతికి ఏ టైముకి వచ్చింది?"

"ఎందుకమ్మా?"

"పదిన్నరకే తీసీసేరంట. మా ఆయన పోర్టులో పొద్దుటి షిప్టు. రెండింటికి దిగి, బస్సెక్కి వచ్చీసరికి మూడు దాటీసింది. అందాకా ట్రేలోనే ఉంచేరంట. ఆయన సూసొచ్చి, కప్పిన గుడ్డ కూడా ఎండిపోయినాదే అన్నాడు. నాను రొయ్యల కంపెనీలో పని సేత్తాను మేడమ్. తొక్క తీసే ట్రే ఐసులోంచి బయటికొచ్చిన టైము కాయితం మీద రాత్తారు. టైము దాటిపోతే ఆ ట్రేని పరీచ్చకి కూడా పంపరు, అవతల పారేత్తారు. మీకాడ రాయరేటి?"

ఒకసారి కనుక్కొస్తానని చెప్పి, ఆవిడ్ని బెంచీ మీద కూర్చోమన్నాను.

పైకెళ్ళి అటెండర్ని పట్టుకున్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి గుర్తు తెచ్చుకున్నాడు.

"ఆ పోర్టోడి పెళ్ళామా? అవును, ఆడి కోసం కూకున్నాను. సూపించనిదే పంపొద్దన్నారు కదా డాక్టరుగారు. బయట సూత్తే ఎండ నిప్పులు సెరుగుతన్నాది. పాడవకుండా ఫ్యాను కింద ఎట్టేను సెల్లెమ్మా."

నాలుగున్నర గంటలు, ఎండాకాలం, ఫ్యాను కింద. ఆయన మంచి మనసుతో పెట్టాడు. ముక్క ఒంట్లోంచి బయటికి రాగానే పాడవడం మొదలవుతుంది, ఫార్మలిన్ పడితేనే ఆగుతుంది. ముందు పోయేవాటిలో రిసెప్టర్లు కూడా ఉంటాయి. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారు? నేను చెప్పానా?

నా ముఖం చూసి ఆయన కంగారుపడ్డాడు. "సిన్న సీసా మాత్రం అప్పుడే మీకు దించీసేను కదా!"

"ఏ చిన్న సీసా?"

"సంకలోవి. డాక్టరుగారు తీసిందే తడవుగా మందులో ఏసీసేరు. ఆటిని సూపించమని ఎవుడడుగుతాడు సెల్లెమ్మా?"

ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. లింఫు గ్రంథులు! గడ్డలోంచి పాకిన కేన్సరే వాటిలోనూ ఉంది. బంధువులకి అక్కర్లేకపోయింది కాబట్టి అవి నిమిషాల్లో ఫార్మలిన్‌లో పడ్డాయి. మైనంలో పెట్టిన ఆ ముక్క మా డ్రాయర్లోనే ఉంది.

డ్రాయర్ లాగి దాన్ని తీశాను. అప్పుడు ఒక బుద్ధి పుట్టింది. దీనికి గుట్టుగా పరీక్ష చేసేసి, "గ్రంథుల్లో కూడా చూద్దామనిపించింది మేడమ్" అని పట్టుకెళితే సరిపోతుంది. తెలివైన పిల్లవి అంటారు. చుక్కల సంగతి ఎవరికీ తెలీదు. కాసేపు ఆ మైనం ముక్కని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కిటికీ అవతల ఆవిడ బెంచీ మీద, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను మేడమ్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ పాత స్లయిడు మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ చుక్కలు నువ్వు పెట్టినవేగా?"

"అవును మేడమ్."

"నాళాలు కూడా నీలంగా ఉండిపోవడం ఆ రోజే చూశావా?"

"చూశాను."

"మరి?"

"పరీక్ష ఆపేస్తారని భయపడ్డాను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారని తల వంచుకున్నాను. "చుక్కల బయటికెళ్ళి చూడాల్సింది నేను. సంతకం నాది" అన్నారు. తర్వాత, "పరీక్ష ఆ మనిషి కోసమమ్మా, మన కోసం కాదు. పద, కుక్కరు పెట్టు" అన్నారు. ఆ రోజు ఆవిడ అరిచి ఉంటే నేను ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. ఇంతకాలం గుర్తుండేది కాదు.

మర్నాడు చివరి రసాయనం వేసేటప్పుడు మేడమ్ నా పక్కనే నిలబడ్డారు. అటెండరు కూడా గుమ్మంలో ఉన్నాడు, ఆ రోజు పప్పు మాట ఎత్తలేదు. రంగు తేలడానికి పట్టేది కొద్ది నిమిషాలే. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను, గుడ్డకి పట్టిన ఇంగువ వాసనలా పాత భయం ఇంకా వదల్లేదు. గ్రంథి మధ్యలో మొదట ఒక మరకలా, తర్వాత గుంపులు గుంపులుగా గోధుమరంగు తేలింది. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు.

ముందురోజు ఇంటికి పంపి మళ్ళీ రమ్మన్న ఆ రోగిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మేడమ్ స్వయంగా చెప్పారు. మా పొరపాటు జరిగిందనీ, మాత్ర మీకు పనికొస్తుందనీ, కీమో అయ్యాకే మొదలుపెట్టాలి కాబట్టి ఆలస్యం కాలేదనీ. పొరపాటు అన్న మాట ముందు చెప్పారు, మంచి కబురు తర్వాత. రోగితో అలా మాట్లాడిన డాక్టర్ని నేను అంతకుముందు చూళ్ళేదు. రొయ్యల కంపెనీ ఆవిడ కోప్పడలేదు. తన మనసులో ఎన్నాళ్ళనుంచో నలుగుతున్నది అడిగింది.

"పదిహేనేళ్ళుగా ఐసులో నిలబడి పని సేత్తన్నాను. అందుకే వచ్చిందంటది మా ఆడబిడ్డ. నాను సేసుకున్నదేటి ఇది?"

"ఐసుకీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నారు మేడమ్. "మీ ఇంట్లో ఫోను లేనప్పుడు ఎవరి ఇంటికి చేయించుకునేవారు?"

"పక్కింటి మేస్త్రీగారింటికి. ఆళ్ళావిడ గోడ మీంచి కేకేసేది."

"అదే. రొమ్ములో కొత్త కణాల్ని కనే తల్లి కణాలుంటాయి, మూలకణాలంటారు. వాటిలో చాలావాటికి ఫోనుండదు. అండాశయం పంపిన కబురు పక్క కణం అందుకుని వీటికి కేకేస్తుంది. లేవండి, పెరగండి అని. నెలనెలా అదే కేక, అదే పని. అన్నిసార్లు పనిచేస్తే ఎక్కడో ఒక కణం లెక్క తప్పుతుంది. చిన్నప్పుడే పెద్దమనిషైనవాళ్ళకి, ముట్లు ఆలస్యంగా ఆగినవాళ్ళకి, పిల్లలు ఆలస్యంగా పుట్టినవాళ్ళకి ఆ కేకలెక్కువ, కాబట్టి ప్రమాదం కాస్త ఎక్కువ. అంతేగానీ ఇదెవరి పాపమూ కాదు. ఇవేవీ లేనివాళ్ళకీ వస్తుంది."

ఫోను లేని కణాలకి పక్క కణం కబురు చెబుతుందన్నది అప్పటికి కొత్త మాట. మేడమ్ ఎక్కడో చదివి మాకు చెప్పేవారు. తర్వాత్తర్వాత శాస్త్రవేత్తలు అది ఇంకా లోతుగా తవ్వారు. నాకు మాత్రం ఆ రోజు ఆ రోగి ముఖమే గుర్తు. మాత్ర సంగతి విన్నప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. పాపం కాదన్నప్పుడు తుడుచుకుంది.

ఆ తర్వాత మేడమ్ నాచేత పాత "లేవు" రిపోర్టులన్నీ బయటికి తీయించారు. ప్రతి స్లయిడూ చుక్కలు తుడిచి, మళ్ళీ చూశారు. అనుమానమున్నవన్నీ మళ్ళీ చేశాం, కొన్ని మారాయి. సర్జన్ గారితో పెద్ద రగడైంది. "చూపించకపోతే నన్ను కొడతారు, మీకేం" అన్నారాయన. ఆ చిక్కు విప్పింది అటెండరే. గాజు సీసాలో మందు పోసి, ముక్కని అందులో వేసి, మూత బిగించి దానికి ప్లాస్టరు చుట్టాడు.

"ఇలా సూపిత్తే ఏటి? వాసనుండదు, కళ్ళు మండవు. ముక్క ముక్కలాగే ఉంటాది, సూసినోళ్ళు సూత్తారు" అన్నాడు. లేబుల్ మీద రెండు టైములు రాయడం కూడా ఆయన చేతిరాతతోనే మొదలైంది. పేరు కూడా ఆయన పెట్టిందే, రొయ్యల టైము. ఆఫీసువాళ్ళు పరీక్ష ఆపలేదు. నేను అంత భయపడ్డది ఉత్తిదే.

అయిదేళ్ళు గడిచాక ఒక ఉదయం ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది. ఒత్తుగా జుట్టు, చేతిలో రొయ్యల పచ్చడి డబ్బా. మాత్రలు ఆ వారమే అయిపోయాయట. మాత్రల వల్లే బతికిందని నేను చెప్పను, అది ఎవరూ చెప్పలేరు. బతికుంది, నవ్వుతోంది, నాకది చాలు. మేడమ్ కోసం అడిగింది, అప్పటికే రిటైరయ్యారని చెబితే ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, కాస్త మొహమాటపడింది.

"ఒకటడుగుతాను మేడమ్. దాన్ని అందరూ సూసేరు. మా ఆయన సూసేడు, మా అన్న సూసేడు, ఆడబిడ్డ సూసింది. నా ఒంట్లోది, నాను తప్ప అందరూ సూసేరు. ఇప్పుడు నాకు సూపిత్తారా?"

అన్నేళ్ళ సర్వీసులో ఆ మాట నాకు తట్టనే లేదు. ఊరందరికీ ట్రే తిప్పాం, మత్తులో పడుకున్న మనిషి లేచాక ఒక్కసారి అడిగామా? ఆవిడ్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, డ్రాయర్లోంచి గోధుమరంగు తేలిన ఆ గ్రంథి స్లయిడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎలా చూడాలో చెప్పి, చక్రం మీద ఆవిడ చెయ్యి పెట్టి తిప్పించాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇదేనా" అంది చివరికి. "ఈ మట్టిరంగుదేనా. ఓలమ్మ, ఇంతుందా."

కళ్ళు ఎత్తాక బల్ల మీద అప్పుడే థియేటర్ నుంచి వచ్చిన సీసా చూసింది. మూతకి ప్లాస్టరు, పక్కన లేబుల్. ఎవరో ఇంకొకావిడది. దగ్గరికి జరిగి, అంకెల మీద వేలు పెట్టి, బళ్ళో చదివినట్టు చదివింది.

"పది ఇరవై. పది ఇరవై ఆరు." వేలు తియ్యకుండానే నా వైపు తిరిగింది. "ఆరు నిమిషాలు. మా కంపెనీలో అయితే పాసే మేడమ్."